నెమలిదరి ఒడ్డున నీలం చెప్పులు

ఇల్లు దాటి ఎక్కడికి బయలుదేరినా భాగీరథి సంచీలో మూడు వస్తువులు ఉండాల్సిందే. పసుపు పొట్లం, చింపిన పాత ధోతి ముక్క, అయినవాళ్ల నంబర్లన్నీ రాసిన కాయితం. ఫోన్‌లో నంబర్లు ఉండగా కాయితం దేనికని కూతురు రుచిత నవ్వితే, ఫోన్ నీళ్లల్ల పడితే ఎట్ల అని అడిగేది. కాయితం కూడా నీళ్లల్ల పడొచ్చు కదా అని రుచిత ఒకసారి అన్నది. ఆ మాట రెండు రోజులు భాగీరథి బుర్రలో తిరిగింది. మూడో రోజు కాయితాన్ని పాలప్యాకెట్ కవరులో చుట్టి సంచీలో పెట్టుకుంది.

పంద్రాగస్టుకు వరుసగా మూడు రోజులు సెలవులొచ్చాయి. జహీరాబాద్‌లో కాస్త తీరిక ఉన్నవాళ్లు బీదర్ కోటకో, అనంతగిరి గుట్టలకో వెళ్లిపోయారు. భాగీరథి భర్త చంద్రశేఖర్‌కు బస్టాండు దగ్గర విత్తనాల దుకాణం. వానాకాలంలో పూట కూడా షట్టర్ దించని మనిషి, డిగ్రీ చదివే కూతురి పోరు పడలేక ఈసారి ఒప్పుకున్నాడు. కర్ణాటక బార్డర్ దిక్కు అడవిలో నెమలిదరి అనే జలపాతం ఉంది. రెండు తాటిచెట్ల ఎత్తు నల్లబండల మీదనుంచి నీళ్లు దుంకి, కింద మడుగులో పడతాయి. మంచి వాన పడ్డ ఏడు ఆ చప్పుడు రోడ్డు దాకా వినిపిస్తుంది. ఈ ఏడు వానలు దంచికొట్టాయి.

భాగీరథి వద్దంటే వద్దంది. బండల మీద నాచు ఉంటుందంది. తేనెటీగలు లేస్తాయంది. కోతులు కళ్లద్దాలు గుంజుకుపోతాయని, ఇంట్లో ఎవరికీ కళ్లద్దాలు లేకపోయినా, అది కూడా అన్నది. చంద్రశేఖర్ విన్నాడు, కిరాయి కారు మాట్లాడాడు. ఆడబిడ్డ సుష్మ, ఆమె కూతురు వర్షిత కూడా తయారయ్యారు.

జలపాతం దగ్గర జాతరలా ఉంది. మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు, సెల్ఫీలు దిగేవాళ్లు, లుంగీలు ఎగగట్టి నీళ్లలో దిగేవాళ్లు. భాగీరథి కళ్లు మాత్రం చాయ్ డబ్బా మీద పడ్డాయి. రేకుల కింద పొయ్యి, పొయ్యి వెనక మేకుకు వేలాడేసిన లావుపాటి తాడు చుట్ట. చాయ్ పోసే పెద్దాయన పేరు రేవణసిద్ధప్ప. అరవై ఏళ్లుంటాయి. పక్క ఊరివాడే, తెలుగు మాట్లాడినా కన్నడం వాసన వచ్చేది. ఆ తాడు దేనికి కాకా అని భాగీరథి అడిగింది. మడుగులో పడ్డవాళ్లను గుంజడానికని, ఈ పదేళ్లలో ముగ్గురిని ప్రాణంతో ఒడ్డుకు తెచ్చానని ఆయన చాయ్ వడగడుతూ మామూలుగా చెప్పాడు. ప్రాణం లేకుండా తెచ్చినవాళ్ల లెక్క ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. తాడున్న మనిషి ఒకడున్నాడని మాత్రం భాగీరథికి గుండె కొంచెం కుదుటపడింది. ఆ ధైర్యంతోనే రెండో చాయ్ కూడా తాగింది.

చాయ్ గ్లాసు దించి చూస్తే రుచిత కనిపించలేదు.

వర్షితా లేదు. ఇద్దరూ కలిసి ఎటో పోయి ఉంటారని సుష్మ తేలిగ్గా అన్నది. భాగీరథి లేచి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, బండల మీద ఆచితూచి అడుగేస్తూ మడుగు వైపు నడిచింది. మనుషుల గోల వెనకబడింది. ఒక మలుపులో, నీళ్లలోకి తోసుకొచ్చిన బండ అంచున, చెప్పులు ఉన్నాయి.

నీలం చెప్పులు, తెల్ల పట్టీలు. రుచిత పోయిన నెల జహీరాబాద్ బజారులో కొన్నవి అవే. వేళ్లు నీళ్ల దిక్కు, మడమలు ఒడ్డు దిక్కు. ఒకదాని పక్కన ఒకటి, సర్ది పెట్టినట్టు.

కాళ్లు కడుక్కోవడానికి దిగేవాడు చెప్పులు ఎట్లా పడితే అట్లా విడుస్తాడు. ఒకటి బోర్లా పడుతుంది, ఒకటి అవతల పడుతుంది. సర్ది పెట్టేది ఎవరో భాగీరథికి తెలుసు. ఆమె పుట్టిన ఊరు న్యాల్‌కల్ దగ్గర. తొమ్మిదేళ్లప్పుడు పొద్దున్నే బిందె పట్టుకుని బాయికాడికి పోతే, గిలక కింద రాయి మీద చిన్నమ్మ చెప్పులు ఇట్లాగే ఉన్నాయి. చిన్నమ్మ ఎక్కడ అని ఆమె బాయిలోకి వంగి పిలిచింది కూడా. ఆ పిలుపు బాయిలోంచి తిరిగి ఆమెకే వినిపించింది. ఆ బాయి నీళ్లు ఆ తర్వాత ఊళ్లో ఎవరూ తాగలేదు. ఒడ్డున సర్దిపెట్టిన చెప్పులను చూసి ఆ ఊళ్లలో ఎవరూ దాటిపోరు. ఎవరివని అరుస్తారు. జవాబు రాకపోతే దుంకుతారు.

భాగీరథి అరిచింది. ఏమని అరిచిందో ఆమెకు తర్వాత గుర్తు లేదు. బిడ్డ పేరు అరిచిందట, చిన్నమ్మ పేరు కూడా అరిచిందట. బండ మీద కూలబడి, చెప్పులను రొమ్ముకు హత్తుకుందట. అరుపు విని ఉరికొచ్చిన రేవణసిద్ధప్ప తాడు ఒక చెట్టుకు కట్టి, కొస నడుముకు చుట్టుకుని మడుగులోకి దుంకాడు. మునిగాడు, తేలాడు. మళ్లీ మునిగాడు. మూడోసారి తేలినప్పుడు మొహం తెల్లగా పాలిపోయి ఉంది. కుడి చెయ్యి నీళ్ల మీద ఊరికే తేలుతోంది. అడుగున బండకు కొట్టుకుని ముంజేయి విరిగింది. మూగినవాళ్లు తాడు పట్టి ఆయన్ను ఒడ్డుకు గుంజారు.

సరిగ్గా అప్పుడు పైన చెట్ల మధ్యనుంచి వర్షితను వెంటేసుకుని రుచిత వచ్చింది. చేతిలో సగం తిన్న కంకి. కాళ్లకు నీలం చెప్పులు.

"ఏమైందమ్మా? ఎవరు పడ్డరు?"

భాగీరథి బిడ్డను చూసింది, చేతిలోని చెప్పులను చూసింది, బిడ్డ కాళ్లను చూసింది. లేచి పోయి చెంప మీద ఒక్కటి కొట్టి, కొట్టిన చెంపనే రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది.

పొదల వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. నలుగురు కుర్రాళ్లు, ఒకే రంగు టీషర్టులు, చేతుల్లో కెమెరాలు. వాళ్ల ముందు నవ్వుతూ వచ్చినవాడు జగన్‌మోహన్ అని తర్వాత తెలిసింది. బేఫికర్, అంటే దిగులే లేదు, అనే పేరున్న కొత్త చెప్పుల కంపెనీకి ప్రచారం చూసేది అతనే. ఒడ్డు పొడుగునా పన్నెండు చోట్ల పన్నెండు జతలు పెట్టారు. దొరికిన వాళ్లు లోపలి అట్ట మీది నంబరుకు ఫోన్ చేస్తే ఆ జత వాళ్లదే. దొరికినప్పుడు వాళ్ల మొహాలు ఎట్లా ఉంటాయో వీడియో తీయడం అసలు పని. "ఫికర్ ఒడ్డున విడిచిపెట్టు" అనేది ప్రచారం మాట. అది టీషర్టుల వెనక కూడా రాసి ఉంది. అతను ఆమె చేతిలో రంగు కాయితం చుట్టిన డబ్బా పెట్టి, ఆంటీ, మీ అంత మంచిగ ఎవ్వరూ చెయ్యలేదు అన్నాడు.

చెయ్యలేదట. ఆమె ఏదో నాటకం ఆడినట్టు.

ఆ డబ్బాను ఆమె మడుగులో పారేసింది. చంద్రశేఖర్ ఉరికొచ్చి అందరినీ కారెక్కించాడు. రేవణసిద్ధప్పను కూడా ఎక్కించుకుని జహీరాబాద్ దవాఖానలో కట్టు కట్టించారు. దారి పొడుగునా ఆ పెద్దాయన విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, పిల్ల బాగున్నది కదా, అంతే చాలు అన్నాడు. భాగీరథి తన సంచీలోని ధోతి ముక్కతో ఆ చేతికి ఊయల కట్టింది. ఇన్నేళ్లు మోసిన ఆ గుడ్డ పనికొచ్చింది. అందుకు సంతోషపడాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

నాలుగు రోజులకు వీడియో వచ్చింది. ముందుగా పంపింది సుష్మే. వదినా నువ్వు ఫేమస్ అయినవ్ అని రాసి, నవ్వే బొమ్మలు వరుసగా పెట్టింది. అందులో భాగీరథి కూలబడడం మూడుసార్లు చూపించారు, మూడోసారి మెల్లగా. వెనక డోలు వాయించారు. రేవణసిద్ధప్ప దుంకడం ఉంది, దానికి బుడుంగుమనే చప్పుడు కలిపారు. ఆయన చెయ్యి విరగడం మాత్రం అందులో లేదు. చివర ఆమె కూతుర్ని కొట్టడం, ఆ తర్వాత నీలం చెప్పులు, ఫికర్ ఒడ్డున విడిచిపెట్టు.

వారం తిరిగేసరికి ఆమె పేరు చెప్పులమ్మ అయింది. కూరగాయల బజారులో అల్లం బేరం చేస్తుంటే పక్కన ఎవరో ఫోన్‌లో ఆమె ఏడుపు వినిపించి, ఆమెను చూసి, ఫోన్ దాచుకున్నారు. రుచిత కాలేజీలో పిల్లలు డెస్కు కింద చెప్పులు సర్దిపెట్టి రుచితా అని అరుస్తున్నారట. రుచిత ఈ సంగతి చెప్పి నవ్వబోయింది. తల్లి మొహం చూసి ఆపింది. నీలం చెప్పులు విప్పి మంచం కిందికి తోసింది, మళ్లీ తొడగలేదు.

చంద్రశేఖర్ మాత్రం వదిలెయ్యమన్నాడు. నాలుగు రోజులైతే ఇంకో వీడియో వస్తది, జనం దాని వెనక పడతరు అన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"నేను నవ్వులపాలైనందుకు కాదయ్యా. నా భయం వాళ్లు ఎందుకు అమ్ముకోవాలె? అది నా భయం. నా చిన్నమ్మది."

ఆ రోజు చేతిలో పట్టుకునే ఇంటికి తెచ్చిన జత లోపలి అట్ట మీది నంబరు చూసి ఆమె తనే ఫోన్ చేసింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత పరాయి మనిషిని అన్ని మాటలు అనలేదు. కడుపుకు ఏం తింటున్నవని అడిగింది, నీ అక్కచెల్లెండ్ల చెప్పులు పెట్టుకోకపోయినవా అన్నది, ఆ పెద్దాయన చెయ్యి నువ్వు అతికిస్తవా అన్నది. జగన్‌మోహన్ అంతా ఓపిగ్గా విన్నాడు. కరెక్టే ఆంటీ, కరెక్టే ఆంటీ అన్నాడు. మర్నాటికి ఆ తిట్లన్నీ రెండో వీడియో అయ్యాయి. చెప్పులమ్మ కోపం అని పేరు పెట్టారు. మొదటిదానికంటే అదే ఎక్కువమంది చూశారని సుష్మ ఫోన్ చేసి చెప్పింది.

అప్పుడు భాగీరథికి అర్థమైంది, వీళ్లను తిట్టడం కూడా వీళ్ల సరుకు మోయడమేనని. ఏడిస్తే అమ్ముకున్నారు, తిడితే అమ్ముకున్నారు. చెప్పుకోవడానికి పోతే ఇటువైపు పోలీసు ఠాణాలో ఆ మడుగు అటు రాష్ట్రంలోకి వస్తుందన్నారు, అటువైపు వాళ్లు ఫిర్యాదుదారు ఇటు మనిషన్నారు. అయినా ఎవరికీ ఏం కాలేదు కదమ్మా అని రెండు వైపులా అన్నారు. ఆ ఒక్క మాటలో మాత్రం రెండు రాష్ట్రాలు కలిశాయి.

ఆదివారం ఆమె చంద్రశేఖర్‌ను వెంటేసుకుని రేవణసిద్ధప్పను చూడబోయింది. జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం కట్టుకుపోయింది. పెద్దాయన పిండికట్టు చెయ్యి మెడకు వేలాడేసుకుని, ఎడమ చేత్తో చాయ్ కాస్తున్నాడు. తాడు మేకుకే ఉంది. ఆయన తన చెయ్యి గురించి ఏం చెప్పలేదు. వేరే సంగతి చెప్పాడు. వీడియో చూసినవాళ్లు గుంపులు గుంపులుగా వస్తున్నారు. ఒడ్డున చెప్పులు సర్దిపెట్టి, ఒకరు ఏడుస్తుంటే ఒకరు ఫోన్‌లో తీస్తున్నారు. వినాయక చవితి సెలవులకు కంపెనీవాళ్లు మళ్లీ వస్తారట, ఈసారి యాభై జతలట.

"పోయిన ఆదివారం రెండుసార్లు లేచి ఉరికిన బిడ్డా. రెండుసార్లు ఉత్తదే," అన్నాడు. పొయ్యిలోకి ఒక పుల్ల తోశాడు. "మూడోసారి చెప్పులు కనిపించినయి. నేను లెవ్వలే. అది కూడ ఉత్తదే. కని నేను లెవ్వలే."

భాగీరథి చేతిలో చాయ్ గ్లాసు చల్లారిపోయింది. ఇన్ని రోజులు ఆమె తన పరువు గురించి మండిపడుతోందనుకున్నారు అందరూ. ఒక్కోసారి తనూ అట్లాగే అనుకుంది. ఇప్పుడు ఆమె కళ్ల ముందు ఒకటే ఆడుతోంది. ఏదో ఒక రోజు, ఎవరో ఒక తల్లి బిడ్డ నిజంగానే చెప్పులు సర్దిపెట్టి దిగితే, ఒడ్డున వంద మంది నవ్వుతూ ఫోన్లు తీస్తారు. తాడున్న ఒక్క మనిషి కూర్చునే ఉంటాడు. చవితికి ఇంకా పది రోజులు ఉన్నాయి. ఆలోపు ఆ చెప్పులు ఆగాలి.

దారి చూపించింది చంద్రశేఖర్ దుకాణమే. కోహీర్ అవతలి ఊరి ఇందిరమ్మ అనే రైతు ఏటా అతని దగ్గరే కంది విత్తనాలు కొంటుంది. మొన్న వచ్చి, మా కొడుకు జగన్‌మోహన్ చేసిన వీడియో చూసిన్రా, పట్నంల పెద్ద కంపెనీల ఉన్నడు అని మురిసిపోయిందట. ఆ వీడియోలో ఉన్నది తన ఇంటిదని చెప్పలేక చంద్రశేఖర్ సంచులు తూకం వేస్తూ ఊరుకున్నాడట. ఈ మాట ఆయన రాత్రి అన్నం తింటూ జారవిడిచాడు. జారవిడిచాక నాలుక కరుచుకున్నాడు.

న్యాల్‌కల్ దిక్కు ఊళ్లలో ఒక పద్ధతి ఉండేది. పిల్లగాడు తప్పు చేస్తే వాడితో మాట్లాడరు. వాడి తల్లి గడప ముందు పోయి కూర్చుంటారు. నీళ్లిచ్చినా తాగరు. సంగతి తేలేదాకా లేవరు. భాగీరథి వాళ్లమ్మ ఒకసారి ఎద్దును కొట్టినవాడి కోసం ఒక తల్లి గడప ముందు పూటంతా కూర్చుంది. భాగీరథి మనసులో మాత్రం కూర్చోవడం కంటే గట్టిది ఒకటి ఉంది. మంచం కిందనుంచి రుచిత నీలం చెప్పులు తీసి, దుమ్ము తుడిచి, సంచీలో పెట్టుకుంది. ఇందిరమ్మ పొలంలో బాయి ఉందని చంద్రశేఖర్ మాటల్లో విన్నది. ఆ బాయి ఒడ్డున ఈ చెప్పులు పెట్టాలి. పక్కకు తప్పుకుని, ఆ తల్లి మొహం ఎట్లా ఉంటుందో చూడాలి. తీయడానికి ఆమె దగ్గర కెమెరా లేదు. ఆమె కళ్లు చాలు.

మర్నాడు పదింటికల్లా బస్సు దిగి నడిచింది. పొలంలోనే ఇల్లు, చుట్టూ జామతోట. గడప ముందు తన చెప్పులు విడిచి పిలిచింది, ఎవరూ పలకలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోట మధ్యలో బాయి కనిపించింది. రాతి ఒడ్డు, మోటారు పైపు, లోతుగా పచ్చటి నీళ్లు.

వట్టి కాళ్లతో బురదలో నడిచిపోయి, సంచీలోంచి చెప్పులు తీసి రాతి మీద పెట్టింది. చేతులు వాటంతటవే సర్దాయి. వేళ్లు నీళ్ల దిక్కు, మడమలు తన దిక్కు.

రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

నీలం రంగు కనిపించలేదు. చిన్నమ్మవి తోలు చెప్పులు, ఎడమ దానికి పట్టీ తెగితే దారంతో కుట్టింది భాగీరథే. ఆ కుట్టు కనిపించింది. ఇప్పుడు ఆ ఇందిరమ్మ, మోకాళ్ల నొప్పుల ముసలామె అని చంద్రశేఖర్ అన్నాడు, జామకాయల గంప నెత్తిన పెట్టుకుని వచ్చి ఇది చూస్తుంది. చూసిన వెంటనే గుండె ఆగితే? ఉరికి జారి తనే బాయిలో పడితే? వద్దు అనుకుంది. శత్రువుకు కూడా వద్దు. ముందుకు ఉరికి, ఒడ్డు మీద వంగి, చెప్పులు రెండూ చేతిలోకి తీసుకుంది.

ఆ క్షణాన వెనకనుంచి గంప కింద పడ్డ చప్పుడైంది. కాయలు దొర్లాయి. ఎవరో రొప్పుతూ ఉరికొచ్చి రెండు చేతులతో ఆమె నడుము చుట్టేసి, వెనక్కి గుంజి, ఇద్దరూ కలిసి బురదలో పడ్డారు.

"వద్దు బిడ్డా, వద్దు. ఏం కష్టమొచ్చినా నాతోని చెప్పు. ఎవరో ఎందుకు, నేనున్న. నేను నీ తల్లసొంటిదాన్ని."

ఇందిరమ్మ. తెల్లజుట్టు ఊడిపోయి భుజం మీద పడింది. పట్టిన పట్టు వదలలేదు. వట్టి కాళ్లతో, చెప్పులు చేతబట్టుకుని, బాయి అంచున వంగిన పరాయి ఆడమనిషి ఆమెకు ఏమని కనిపించిందో భాగీరథికి అప్పుడు తట్టింది. నేను దుంకుతలేనమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె నమ్మలేదు. నడుము పట్టుకునే ఇంటి దాకా నడిపించింది, నీళ్లిచ్చింది. భాగీరథి తాగలేదు. నీళ్లు తాగకుండానే, గడప ముందు కూర్చునే, మొత్తం చెప్పింది. చిన్నమ్మ సంగతి, నెమలిదరి, పెద్దాయన చెయ్యి, తను ఈ చెప్పులు ఎందుకు తెచ్చిందో అది కూడా. దాచలేదు.

ఇందిరమ్మ చెప్పులను చూసింది, ఆమె మొహాన్ని చూసింది.

"నువ్వు ఆ చెప్పులామెవా?"

భాగీరథి తలూపింది. ఆ వీడియో ఇందిరమ్మ వాడకట్టంతటికీ చూపించింది. నవ్వింది కూడా. కొడుకు పెట్టిన డోలు చప్పుడుకు నవ్వొచ్చింది మరి. ఇప్పుడు మోచేయి గీసుకుపోయి రక్తం కారుతోంది, అది కూడా చూసుకోవడం లేదు. ఊపిరి ఇంకా సరిగ్గా అందడం లేదు. భాగీరథి సంచీలోంచి పసుపు పొట్లం తీసి ఆ గాయానికి అద్దింది. అద్దించుకుంటూనే ఇందిరమ్మ ఫోన్ తీసి కొడుక్కు కలిపింది.

అవతల జగన్‌మోహన్ ఏదో మీటింగులో ఉన్నట్టున్నాడు, తర్వాత చేస్తానన్నాడు. ఇప్పుడే అన్నది ఆమె. చవితికి పెట్టే చెప్పులు వద్దన్నది. అమ్మా అది నీకు తెల్వదు, అది మార్కెటింగ్ అని అతను మొదలుపెట్టాడు. జనం మాట్లాడుకోవాలంటే అట్లా కొత్తగా ఏదో చెయ్యాలన్నాడు. ఎవరికీ ఏం కాలేదు కదా అని కూడా అన్నాడు. ఆ మాట ఫోన్‌లోంచి భాగీరథికి కూడా వినిపించింది. తిట్లు గొంతుదాకా వచ్చాయి. మింగింది. ఇక్కడ మాట్లాడాల్సిన మనిషి తను కాదు.

"ఇప్పుడు నేను ఉరికినరా," అన్నది ఇందిరమ్మ. గొంతు పెంచలేదు. "మన బాయికాడ ఒక ఆడిమనిషిని చూసి, ఈ మోకాళ్లతోని ఉరికిన. ఉరుకుతుంటే నా గుండె ఎట్ల కొట్టుకున్నదో నీ ఏ కెమెరాల వస్తది చెప్పు. రేపు నేనే పడితే మీ అమ్మ యాక్టింగ్ చేస్తున్నదని చూసుకుంట నిలబడతరు నీ జనం. ఆ చెప్పులు ఒక్క జత ఒడ్డున ఉన్నా నువ్వు పండుగకు నా గడప తొక్కకు. నేను ఇంటికాడ వినాయకుణ్ని కూడ నిలపను."

ఫోన్ పెట్టేసి నీళ్ల చెంబు మళ్లీ ముందుకు జరిపింది. ఈసారి భాగీరథి తాగింది.

వీడియోలు పోలేదు. కంపెనీ తీసినా, వేరేవాళ్లు ఎత్తి పెట్టుకున్నవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. సుష్మ ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. క్షమాపణ అని ఎవరూ రాయలేదు. చవితి తర్వాతి ఆదివారం చంద్రశేఖర్ అడక్కుండానే కారు మాట్లాడాడు. భాగీరథి పసుపు పొట్లం కొత్తది కట్టుకుంది, ధోతి ముక్క ఇంకోటి చింపుకుంది.

నెమలిదరిలో యాభై జతలు లేవు. రంగు టీషర్టులు లేవు. మూడు రోజుల కింద జగన్‌మోహన్ ఒక్కడే వచ్చాడట. ఒడ్డున అప్పటికే పెట్టినవి, సెల్ఫీల కోసం జనం పెట్టి మరిచిపోయినవి, అన్నీ గోనెసంచిలో ఏరుకుని, పొదల్లో పాము ఉందేమోనని భయపడుతూ పోయాడని రేవణసిద్ధప్ప చెప్పాడు. చెప్పి, చాయ్ పోస్తూ, చటుక్కున ఆగాడు. ఆయన చూపు భాగీరథి భుజం మీదుగా మడుగు వైపు ఉంది.

బండ అంచున ఒక జత చెప్పులు. ఆడవాళ్లవి, ఎర్రవి. సర్ది పెట్టి ఉన్నాయి.

చుట్టూ ఉన్నవాళ్లు చూశారు. ఒకడు నవ్వి ఫోన్ తీశాడు. భాగీరథి పెద్దాయన వైపు చూసింది. ఒక్క రెప్పపాటు ఆయన గిన్నె పట్టుకుని అట్లాగే ఉన్నాడు. తర్వాత గిన్నె పొయ్యి మీద పడేసి, ఎడమ చేత్తో మేకునుంచి తాడు గుంజి, పిండికట్టు చెయ్యి గుండెకు ఆనించుకుని, ఉరికాడు. ఎవరివి, ఎవరివి అని కన్నడంలోనూ తెలుగులోనూ అరుస్తూ ఉరికాడు.

బండ కిందనుంచి ఒక నడివయసు ఆమె తల పైకి ఎత్తింది. మోకాలిలోతు నీళ్లలో నిలబడి మొహం కడుక్కుంటోంది. నావే, నావే తాతా, ఏమైంది అన్నది బిత్తరపోతూ.

రేవణసిద్ధప్ప అక్కడే బండ మీద కూర్చుని రొప్పాడు. రొప్పుతూనే ఆయన మొహం విప్పారింది. భాగీరథి ఆయన్ని దాటి నేరుగా ఆ అంచు దాకా పోయింది. నాచు ఉందన్న సంగతి మరిచిపోయి పోయింది. ఎర్ర చెప్పులు చేతిలోకి తీసుకుని ఆ ఆడమనిషికి అందించింది.

"నీళ్లల్లకు తొడుక్కోనే దిగు చెల్లే. తడిస్తే తడవని. లేదంటే ఎట్ల పడితే అట్ల విడువు. గిట్ల సర్ది మాత్రం పెట్టకు."